మలి వయసులో గుండె జబ్బు: అపోహలు - వాస్తవాలు

వృద్ధులకు వైద్యం చేసే మేం బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ రాసుకోకుండా ఎవరినీ పంపం. ఇంట్లో తోడు ఎవరున్నారో మాత్రం చాలాసార్లు అడగం. నా లెక్కలో అదీ ఒక పరీక్షే.

అపోహ: ఒంటరితనం మనసుకే గానీ గుండెకు చేటు చేయదు.

వాస్తవం: పలు అధ్యయనాలను కలిపి 2016లో చేసిన విశ్లేషణలో, మనుషులతో సంబంధాలు అంతంతమాత్రంగా ఉన్నవారికి గుండె ధమనుల జబ్బు ముప్పు 29 శాతం, పక్షవాతం ముప్పు 32 శాతం ఎక్కువగా కనిపించింది. దీర్ఘకాలం దిగులుగా ఉంటే నిద్ర చెడుతుంది, ఒత్తిడి హార్మోన్లు పెరుగుతాయి, బీపీ అదుపు తప్పుతుంది. అంతకన్నా మామూలు కారణాలే నాకు ఎక్కువగా కనిపిస్తాయి. ఒక్కరి కోసం వంటెందుకని ఏదో తిని సరిపెట్టుకుంటారు. నడక మానేస్తారు. అయిపోయిన మాత్రలు తెచ్చిపెట్టేవారుండరు, కాళ్లవాపును గమనించేవారుండరు. జబ్బు వల్లే గడప దాటలేక ఒంటరైనవారూ ఉన్నారు కాబట్టి, తప్పంతా ఒంటరితనానిదే అనను. కబుర్లు మందులకు బదులు కావు కూడా.

అపోహ: పిల్లల దగ్గర ఉంటే ఆ బెంగ లేదు.

వాస్తవం: ఇంటినిండా జనమున్నా పలకరించేవారు లేకపోవచ్చు. ముఖ్యంగా చెవులు సరిగా వినపడనివారు మెల్లగా మాటలకు దూరమవుతారు. వినికిడి పరీక్ష చేయించండి. దాన్ని గుండె వైద్యంలో భాగంగానే చూస్తాను.

అపోహ: గుండెపోటు పెద్ద ఉద్యోగాల ఒత్తిడి తెచ్చే జబ్బు.

వాస్తవం: 1967లో లండన్ ప్రభుత్వోద్యోగులపై మొదలైన వైట్‌హాల్ అధ్యయనంలో ఇది తలకిందులైంది. గుండె ధమనుల జబ్బుతో మరణించే ముప్పు అత్యున్నత అధికారుల కన్నా అట్టడుగు ఉద్యోగులకు మూడు రెట్లకు పైగా ఉంది. పొగతాగడం, బీపీ వంటివి ఆ తేడాలో కొంతభాగాన్నే వివరించగలిగాయి. పింఛను వయసు వచ్చినంత మాత్రాన ఈ అంతరం చెరిగిపోదు.

అపోహ: వయసు మీదపడ్డాక పై బీపీ 160 ఉన్నా ఫరవాలేదు.

వాస్తవం: ధమనులు గట్టిపడి పై అంకె పెరగడం మామూలే, కానీ అది హానికరమే. 80 ఏళ్లు దాటినవారిపై జరిగి 2008లో వెలువడిన హైవెట్ అనే వైద్య ప్రయోగంలో బీపీ మందులతో మొత్తం మరణాలు 21 శాతం తగ్గాయి. లేచి నిలబడినప్పుడు బీపీ పడిపోతోందేమో చూసి మోతాదు నిర్ణయిస్తాం.

అపోహ: ఛాతీ నొప్పి లేకపోతే గుండెపోటు కాదు.

వాస్తవం: పెద్దవారిలో, అందులోనూ షుగరు ఉన్నవారిలో, అది ఉన్నట్టుండి ఆయాసంగా, చెమటగా, వాంతిగా, తికమకగా బయటపడవచ్చు. పిల్లలు వచ్చాక చెబుదామని ఆగకుండా వెంటనే అంబులెన్సుకు ఫోను చేయండి.