పసిబిడ్డ నిద్ర: అవ్వల భయాలు, అసలు సంగతులు

కర్నూలులో పిల్లల వార్డు నర్సుగా నేను ఎక్కువగా వినే ప్రశ్న: "సిస్టరమ్మా, ఎల్లకిలా పండబెడితే పాలు కక్కి పొలమారదా?" అడిగేది అవ్వే. ఇంట్లో బిడ్డ ఎట్లా పడుకోవాలో తేల్చేదీ ఆమే కాబట్టి నేనూ ఆమెకే చెప్తాను.

పొలమారదు. వెల్లకిలా ఉన్నప్పుడు గాలిగొట్టం పైన, అన్ననాళం కింద ఉంటాయి. కక్కిన పాలు గాలిగొట్టంలోకి పోవాలంటే పైకెక్కాలి. బోర్లా పడుకోబెడితేనే అటు జారడం సులువు. అమెరికాలో 1994లో పిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టండని ప్రచారం మొదలైంది. తర్వాతి ఏళ్లలో నిద్రలో పసిబిడ్డల ఆకస్మిక మరణాలు సగానికి సగం తగ్గాయి, పొలమారి పోయేవాళ్లు మాత్రం పెరగలేదు. పక్కకు తిప్పి పడుకోబెట్టినా లాభం లేదు, ఎప్పుడో ఒకప్పుడు బోర్లా పడతారు.

అపోహ: తల గుండ్రంగా రావాలంటే ఆవాల దిండు పెట్టాలి.
ఏడాది దాకా ఏ దిండూ వద్దు. మెత్తటి బొంతలు, బొమ్మలు కూడా బిడ్డ పక్కన ఉండకూడదు. తల ఒకవైపు చదును కాకుండా మెలకువగా ఉన్నప్పుడు, మీ కళ్లముందు, కాసేపు బోర్లా ఆడించండి. ఒదులైన నులక మంచంలో మధ్య గుంతపడుతుంది, చీర ఉయ్యాలలో గడ్డం ఛాతీకి ఆనుతుంది, రెండింట్లోనూ ఊపిరికి అడ్డే. ఊపి నిద్రపుచ్చాక నేలమీద చాప, దానిపై సన్నటి దుప్పటి బిగుతుగా పరిచి పడుకోబెట్టడం మేలు.

ఎండాకాలంలోనూ స్వెట్టరు, టోపీ తొడిగి తెస్తారు. ఒళ్లు మరీ వేడెక్కడమూ ప్రమాదమే. మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి, చెమట ఉంటే ఒక బట్ట తీసేయండి.

"టీకా వేసినాకే బిడ్డ పోయిందంట" అనే మాట పల్లెల్లో త్వరగా పాకుతుంది. టీకాలు 6, 10, 14 వారాలకు వేస్తాం. నిద్రలో ఆకస్మిక మరణాలు ఎక్కువగా జరిగేది 2–4 నెలల మధ్యే. రెండూ ఒకే వయసులో పడటంతో అట్లా అనిపిస్తుంది, అంతే. టీకాలు వేసిన పిల్లల్లో ఈ ముప్పు తక్కువ.

బిడ్డ పోయిందని తల్లిని తిట్టడం అన్నిటికంటే ఘోరం. ఏడాదిలోపు బిడ్డ నిద్రలో పోయి, పోస్టుమార్టం చేసి, పడుకున్న చోటు చూసి, ఆరోగ్య చరిత్ర తిరగేసినా కారణం దొరకకపోతేనే ఆకస్మిక శిశుమరణం అంటారు. డాక్టర్లకే దొరకని కారణం చావింట్లో చుట్టాలకు ఎట్లా దొరుకుతుంది? జాగ్రత్తలు ముప్పును తగ్గిస్తాయి గానీ పూర్తిగా తీసేయలేవు.

తల్లిపాలు ఇవ్వండి. మొదటి ఆరు నెలలైనా తల్లి గదిలోనే, ఆమె చెయ్యి అందేంత దగ్గర్లో, వేరే పక్కమీద పడుకోబెట్టండి. బీడీ తాగేవాళ్ల పక్కన, మందు తాగినవాళ్ల పక్కన బిడ్డను అసలు వేయొద్దు. ఈ మాట మాత్రం నాన్నను వార్డులోకి పిలిపించి మరీ చెప్తాను.