క్లాస్, ఆబ్జెక్ట్: పీజీ గది సాక్షిగా కొన్ని అపోహలు, వాస్తవాలు

బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, కొత్తగా చేరబోయేవారిని ఇంటర్వ్యూ చేసే పని కూడా నెత్తిన వేసుకున్న నాకు, ప్రోగ్రామింగ్‌లో క్లాస్ అంటే ఏమిటి, ఆబ్జెక్ట్ అంటే ఏమిటి అన్న ప్రశ్నకు ఒక జవాబు నిద్రలో కూడా వినబడుతుంది. "క్లాస్ అంటే బ్లూప్రింట్, ఆబ్జెక్ట్ అంటే దాని ఇన్‌స్టెన్స్." అంటే ఒకటి నమూనా, రెండోది ఆ నమూనా ప్రకారం తయారైనది అని. తడుముకోకుండా, గుక్క తిప్పుకోకుండా చెబుతారు. "సరే, ఆ క్లాస్ నుంచి రెండు వందల ఆబ్జెక్టులు తయారు చేస్తే, అందులోని మెథడ్, అంటే ఆబ్జెక్ట్ చేయగల పనికి రాసిన కోడ్, మెమరీలో ఎన్ని చోట్ల ఉంటుంది?" అని అడిగేసరికి చాలామంది పైకప్పు వైపు చూస్తారు. నిర్వచనం వచ్చినంత మాత్రాన విషయం వచ్చినట్టు కాదని తెలిసేది అక్కడే.

ఆదివారాలు మారతహళ్లిలోని ఒక పీజీలో (పేయింగ్ గెస్ట్ హాస్టల్లో), ఉద్యోగం వెతుక్కుంటున్న కొందరు తెలుగు పిల్లలకు ఈ పాఠం చెబుతుంటాను. కాబట్టి ఇక్కడి ఉదాహరణలు దాదాపు అన్నీ పీజీ గదివే. త్రీ షేరింగ్ గదిలో ఆరు నెలలుగా ఉంటున్నవారికి గది అంటే ఏమిటో నేను విడమరచి చెప్పనక్కరలేదు.

అపోహ: క్లాస్ అచ్చు వంటిది, ఆబ్జెక్ట్ ఆ అచ్చులోంచి తీసిన ఇటుక వంటిది.

ఈ పోలిక మొదటి రోజు పాఠానికి పనికివస్తుంది, రెండో రోజు నుంచి దారి తప్పిస్తుంది. అచ్చులోంచి ఊడి వచ్చిన ఇటుకకు ఆ తర్వాత అచ్చుతో పని లేదు. అచ్చు విరిగిపోయినా గోడ నిలబడే ఉంటుంది. ఆబ్జెక్ట్ సంగతి వేరు. దాని దగ్గర ఉండేది దాని సొంత సమాచారం మాత్రమే. దానితో చేయదగిన పనులు, అంటే మెథడ్లు, క్లాస్ దగ్గర ఒకే ఒక్క ప్రతిగా ఉంటాయి. మనం ఆబ్జెక్ట్ మీద మెథడ్‌ను పిలిచిన ప్రతిసారీ ఆ పని చేసే కోడ్ కోసం క్లాస్ వైపే వెళ్లవలసి ఉంటుంది.

ఇది మాటవరసకు చెప్పేది కాదు, కొలిచి చూడవచ్చు. జావా భాషలో రాసిన ప్రోగ్రాంలను నడిపే హాట్‌స్పాట్ అనే 64 బిట్ సాఫ్ట్‌వేర్ యంత్రంలో సాధారణ అమరికలో ప్రతి ఆబ్జెక్ట్‌కూ 12 బైట్ల శీర్షిక ఉంటుంది. అందులో 4 బైట్లు "నేను ఫలానా క్లాస్‌కు చెందినదాన్ని" అని సూచించే చిరునామా. గదికి గది సంఖ్య, అద్దె అనే రెండు పూర్ణాంకాలు ఉన్నాయనుకుంటే వాటికి మరో 8 బైట్లు కలిసి మొత్తం 20 అవుతుంది. ఆబ్జెక్ట్ పరిమాణం 8 గుణిజంగా ఉండాలి కాబట్టి అది 24కు చేరుతుంది. ఆ క్లాస్‌లో రెండు మెథడ్లు రాసినా, నలభై రాసినా ఆ 24 మారదు. పైథాన్ అనే మరో భాషలోనైతే ఈ సంబంధం ఇంకా స్పష్టంగా కనబడుతుంది: ఆబ్జెక్ట్ పుట్టిన తర్వాత క్లాస్‌కు ఒక కొత్త మెథడ్‌ను తగిలిస్తే, ముందే పుట్టిన పాత ఆబ్జెక్ట్ కూడా దానికి పలుకుతుంది. ఏ ఇటుకా అలా పలకదు.

పోలిక తప్పనిసరైతే నేను పాస్‌బుక్కును చెబుతాను. ఎవరి పాస్‌బుక్కులో వారి నిల్వ ఉంటుంది, నియమాలు మాత్రం బ్యాంకు దగ్గర ఉంటాయి, ఏ శాఖకు చెందినదో మొదటి పేజీలోనే రాసి ఉంటుంది. "క్లాస్‌కు అసలు మెమరీ అక్కరలేదు" అనే మరో మాట కూడా దీనితోనే తీరిపోతుంది. జావా 8 నుంచి క్లాసుల వివరాలు మెటాస్పేస్ అనే చోట ఉంటాయి. పైథాన్‌లో క్లాస్ కూడా స్వయంగా ఒక ఆబ్జెక్టే.

అపోహ: క్లాస్ లోపల ఏది రాసినా ప్రతి ఆబ్జెక్ట్‌కూ విడివిడిగా వస్తుంది.

పోయిన వర్షాకాలంలో అనంతపురం నుంచి వచ్చిన ఒక కుర్రవాడు పైథాన్‌లో పీజీ రిజిస్టరు రాసుకొచ్చాడు. "అన్నా, నూట ఒకటో గదిలో ఒకణ్ణి చేరిస్తే బిల్డింగులో అన్ని గదుల్లోనూ వాడే కనబడుతున్నాడు" అన్నాడు. పక్క మంచం మీద పడుకున్నవాడు "ఓనరుకు చూపించు, సంతోషిస్తాడు" అని అందరినీ నవ్వించాడు.

కోడ్ చూస్తే తప్పు రెండో వరుసలోనే ఉంది. క్లాస్ పేరు కిందనే, ఆబ్జెక్ట్ పుట్టగానే నడిచే ఇనిట్ మెథడ్‌కు బయట, అద్దె సున్నా అనీ, నివాసులు అనే ఖాళీ లిస్టు అనీ రాశాడు. అక్కడ రాసినవి క్లాస్‌కు చెందుతాయి, ఏ ఒక్క గదికీ చెందవు. ఉన్నది ఒకే లిస్టు. అన్ని గదులూ ఆ ఒక్కదాన్నే చూస్తున్నాయి. అయితే అతనిని అసలు తికమక పెట్టింది అద్దె. అదీ అదే చోట రాసినా ఏ గది అద్దె ఆ గదికే సరిగ్గా నిలుస్తోంది. కారణమేమిటంటే, సెల్ఫ్ (అంటే ఆ గది ఆబ్జెక్టే) చుక్క అద్దె అని రాసి ఒక విలువను కేటాయించినప్పుడు పైథాన్ ఆ గదికే ప్రత్యేకంగా ఒక కొత్త అద్దెను సృష్టిస్తుంది, క్లాస్‌లోని సున్నా దాని వెనుక మరుగున పడిపోతుంది. లిస్టుకు అపెండ్ చేసినప్పుడు కేటాయింపు ఏదీ జరగదు. ఉన్న లిస్టునే వెతికి పట్టుకుని దాని చివర పేరు చేరుస్తుంది. ఒకటి పనిచేసి ఇంకొకటి పనిచేయకపోవడం వల్ల, ఈ తప్పు అంకెలతో సాధన చేసినన్నాళ్లూ బయటపడదు.

లిస్టును సృష్టించే వరుసను ఇనిట్ లోపలికి జరిపి, ముందు సెల్ఫ్ చేర్చగానే గదులు వేరయ్యాయి. జావాలో ఇదే ఇబ్బంది క్లాస్ మొత్తానికీ ఒక్కటే అని చెప్పే స్టాటిక్ అనే మాటతో వస్తుంది, కాకపోతే అక్కడ ఆ మాటను మన చేత్తో మనమే రాస్తాం కాబట్టి నేరం మోపడానికి వేరే ఎవరూ దొరకరు.

అపోహ: ఒక వేరియబుల్‌ను మరొకదానికి సమం చేస్తే రెండో ఆబ్జెక్ట్ పుడుతుంది.

జావాలోనూ పైథాన్‌లోనూ పుట్టదు. ఉన్న గదికే రెండో పేరు వస్తుంది, అంతే. ఒక పేరుతో అద్దె మారిస్తే రెండో పేరుతో చూసినా మారే కనబడుతుంది. సీ ప్లస్ ప్లస్‌లో మాత్రం పాయింటరో రిఫరెన్సో (ఉన్న ఆబ్జెక్ట్‌నే సూచించే మార్గాలు) వాడకుండా సమం చేస్తే నిజంగానే సమాచారమంతా నకలు అవుతుంది. ఒక భాషలోని అలవాటును ఇంకో భాషలోకి మోసుకువెళ్లేవారు తరచూ బోల్తా పడేది ఇక్కడే.

దీని పక్కనే ఇంకొకటి ఉంది. ఇంటిపేరుతో సహా ఒకే పేరున్న ఇద్దరు ఒకే పీజీలో ఉండవచ్చు, కానీ వారు ఒక మనిషి కారు. జావాలో జంట సమానం గుర్తు (==) ఆబ్జెక్టులను పోల్చేటప్పుడు "ఇద్దరూ ఒకరేనా" అని అడుగుతుంది. "వివరాలు ఒకటేనా" అని అడగడానికి ఈక్వల్స్ మెథడ్ ఉంది, అదీ మనం మన క్లాస్‌కు తగినట్టు రాసుకుంటేనే. ఇంటీజర్ (పూర్ణాంక) ఆబ్జెక్టులతో ఒక తమాషా జరుగుతుంది. మైనస్ 128 నుంచి 127 వరకు విలువలను జావా ముందే దాచి ఉంచి మళ్లీ మళ్లీ వాడుకుంటుంది కాబట్టి, 127ను 127తో జంట సమానంతో పోలిస్తే అవునంటుంది. 128ని 128తో పోలిస్తే సాధారణంగా కాదంటుంది. చిన్న అంకెలతో పరీక్షించి సంతోషపడి ఇంటికి వెళ్లినవాడికి, అసలు సమాచారం వచ్చిన రోజు ఆ సంతోషం ఉండదు.

అపోహ: కన్‌స్ట్రక్టర్ ఆబ్జెక్ట్‌ను సృష్టిస్తుంది.

సృష్టి అంతకు ముందే జరిగిపోతుంది. జావాలో న్యూ అనే మాట చోటు కేటాయిస్తుంది, కన్‌స్ట్రక్టర్ ఆ చోటులో తొలి విలువలు నింపుతుంది. పైథాన్‌లో ఈ రెండు పనులకూ న్యూ, ఇనిట్ అని రెండు వేర్వేరు మెథడ్లే ఉన్నాయి.

అపోహ: అన్నిటినీ ప్రైవేట్ చేసి, ప్రతిదానికీ గెట్టర్, సెట్టర్ పెడితే ఎన్‌క్యాప్సులేషన్ అయినట్టే.

ప్రైవేట్ అంటే బయటి కోడ్‌కు అందనిది. గెట్టర్ విలువను చదివి ఇచ్చే మెథడ్, సెట్టర్ దాన్ని మార్చే మెథడ్. ఎన్‌క్యాప్సులేషన్ అంటే సమాచారాన్ని లోపల ఉంచి కాపాడుకోవడం. నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే, ఎందుకంటే ఎడిటర్లు ఒక్క మీట నొక్కితే గెట్టర్లనూ సెట్టర్లనూ వరుసగా పోసేస్తాయి, రాసినవాడికి ఏదో కట్టుదిట్టం చేసినట్టు తృప్తి కలుగుతుంది. తలుపుకు తాళం వేసి తాళంచెవిని గుమ్మానికి వేలాడదీసినట్టుంటుంది ఆ ఏర్పాటు.

త్రీ షేరింగ్ గదిలో ముగ్గురికి మించి ఉండకూడదన్నది నియమం. ఆ నియమాన్ని కాపాడవలసింది ఎవరు? సెట్టర్ పెట్టి నివాసుల లిస్టును బయటివారు మార్చనిస్తే, ప్రోగ్రాంలో ఆ లిస్టును ముట్టుకునే ప్రతి చోటా "మంచం ఖాళీ ఉందా" అని చూడవలసి వస్తుంది, ఏదో ఒక చోట మరచిపోవడం ఖాయం. సెట్టర్ తీసేసి, గదికి "చేర్చు" అనే మెథడ్ ఒక్కటే పెట్టి, మంచాలు నిండితే అదే నిరాకరించేలా రాస్తే నియమం ఒక్క చోట ఉంటుంది. ఆబ్జెక్ట్ అంటే నేను అర్థం చేసుకున్నది ఇదే: తన సమాచారాన్ని ఇతరులకు అప్పగించకుండా, దాని నియమాలకు తానే పూచీపడేది.

అంత చేశాక కూడా ఒక సందు మిగులుతుంది. గెట్టర్ లోపలి లిస్టును ఉన్నదున్నట్టు బయటికి ఇచ్చేస్తే, తీసుకున్నవాడు "చేర్చు" మెథడ్ ముఖం చూడకుండానే నాలుగోవాణ్ణి ఆ లిస్టులో చేర్చగలడు. నకలునో, మార్చడానికి వీలులేని రూపాన్నో ఇవ్వాలి. ఇంకొక విషయం కూడా చాలామందికి తెలియదు: జావాలో ప్రైవేట్ అనేది క్లాస్‌కు గీసిన గిరి, ఆబ్జెక్ట్‌కు గీసినది కాదు. నూట ఒకటో గది తన క్లాస్ కోడ్ ద్వారా నూట రెండో గది ప్రైవేట్ వివరాలను నిరభ్యంతరంగా చూడవచ్చు. ఈక్వల్స్ మెథడ్ రాయడం తేలికయ్యేది ఆ వీలు వల్లనే.

అపోహ: సమస్యలోని ప్రతి నామవాచకానికీ ఒక క్లాస్ ఉండాలి.

ఈ సలహా పాటించిన ఒకరు టూ షేరింగ్ గది, త్రీ షేరింగ్ గది, ఫోర్ షేరింగ్ గది అని మూడు క్లాసులు రాసి, మూడింటినీ గది నుంచి ఇన్హెరిట్ చేశారు, అంటే గది క్లాస్‌లో ఉన్నవి వాటికీ వచ్చేలా చేశారు. చూడముచ్చటగానే ఉంది. ఓనరు వేసవిలో ఇంకో మంచం వేయించి టూ షేరింగును త్రీ షేరింగు చేస్తే ఏమవుతుంది? జావాలో ఒకసారి పుట్టిన ఆబ్జెక్ట్ తన క్లాస్‌ను మార్చుకోలేదు. పాత గదిని పారేసి, అదే సంఖ్యతో కొత్త గదిని పుట్టించి, నివాసులందరినీ అందులోకి మోయాలి. నిజానికి ఆ మూడు గదుల ప్రవర్తనలో తేడా లేదు, మంచాల సంఖ్యలోనే తేడా. తేడా విలువలో ఉన్నప్పుడు ఫీల్డ్, అంటే ఆబ్జెక్ట్ తన దగ్గర ఉంచుకునే విలువ, చాలు. నడవడిలో ఉన్నప్పుడే వేరే క్లాస్ గురించి ఆలోచించాలి. ఇక ఏ స్థితినీ గుర్తుంచుకోనక్కరలేని లెక్కకు, ఉదాహరణకు రోజుల చొప్పున అద్దె గుణించడానికి, పైథాన్‌లో మామూలు ఫంక్షన్ సరిపోతుంది.

అపోహ: ఈ పద్ధతి జావాతో వచ్చింది, క్లాస్ లేనిదే ఆబ్జెక్ట్ ఉండదు.

జావా బయటికి వచ్చింది 1995లో. క్లాస్, ఆబ్జెక్ట్, ఇన్హెరిటెన్స్ అంతకు చాలా ముందే, నార్వేలో ఓలే యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ రూపొందించిన సిములా 67 భాషలో ఉన్నాయి. ఆ భాషను వాడి, దాని మీద ఇష్టం పెంచుకున్న బ్యార్నే స్ట్రౌస్ట్రుప్ 1979లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధన సంస్థలో "సీ విత్ క్లాసెస్" మొదలుపెట్టారు. అదే 1983లో సీ ప్లస్ ప్లస్ అయింది. "ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్" అనే మాటను పుట్టించిన ఆలన్ కే, జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రమైన పార్క్‌లో స్మాల్‌టాక్ భాషకు ఆద్యుడు. ఆబ్జెక్టుల కంటే అవి ఒకదానికొకటి పంపుకునే సందేశాలే ముఖ్యమని ఆయన తర్వాతి కాలంలో స్పష్టంగా చెప్పారు.

ఇక ఆ అపోహలోని రెండో సగం. జావాస్క్రిప్ట్ అనే భాషలో మొదటి నుంచీ ఆబ్జెక్టులు ఉన్నాయి, క్లాస్ అనే మాట మాత్రం 2015 ప్రమాణంతోనే చేరింది. మీసాల బ్రాకెట్ల మధ్య సంఖ్య, అద్దె రాసేస్తే గది ఆబ్జెక్ట్ తయారైపోతుంది, ఏ క్లాసూ రాయనక్కరలేదు. తన దగ్గర లేని మెథడ్‌ను ఆ ఆబ్జెక్ట్ తన ప్రోటోటైప్‌ను అడుగుతుంది, ఆ ప్రోటోటైప్ కూడా మరో ఆబ్జెక్టే. క్లాస్ అని రాసినప్పుడు కూడా లోపల జరిగేది ఇదే వెతుకులాట. పోయిన నెల పీజీలో ఇది చూపిస్తే, రిజిస్టరు రాసిన ఆ కుర్రవాడు కాసేపు ఆలోచించి, "అయితే ఇక్కడ కూడా లిస్టును ప్రోటోటైప్‌లో పెడితే అన్ని గదుల్లోనూ వాడే కనబడతాడు కదన్నా" అన్నాడు. కనబడ్డాడు.