ఇంటి గ్యారేజీలో టైల్స్ ఆగుతాయా? అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో కరకంబాడి రోడ్డు వైపు ఒక ఇంట్లో గ్యారేజీ టైల్స్ పగిలాయని పిలిస్తే పోయాను. ఇంటాయన కొండకు ట్యాక్సీ తిప్పుతాడు. రోజూ ఘాట్ ఎక్కి దిగే బండికి బ్రేకు ప్యాడ్లు తొందరగా అరుగుతాయి. అందుకని చక్రాలు విప్పడం, ఆయిల్ మార్చడం అన్నీ ఇంట్లోనే చేసుకుంటాడు. "బండి బరువుకే పగిలినాయి మేస్త్రీ, ఇక్కడ టైల్స్ వేయకుండా ఉండాల్సింది" అన్నాడు.

తాపీ పిడితో ఒక్కో టైలూ తట్టుకుంటూ పోయాను. పగిలిన చోటల్లా డొల్ల శబ్దమే. ఒకటి ఊడదీసి తిరగేస్తే, నాలుగు మూలల్లో నాలుగు సిమెంటు ముద్దలు, నడుమ ఒకటి. అంతే మాలు. మిగతాదంతా ఖాళీ. పగులు సరిగ్గా రెండు ముద్దల మధ్య నుంచి పోయింది.

అపోహ: కారు బరువుకు టైల్స్ పగులుతాయి.

వాస్తవం: మనుషులతో కలిపి 1,200 కిలోల కారు అనుకుంటే, ఒక్కో చక్రం మీద పడేది సుమారు 300 కిలోలు. అది కూడా గాలి నిండిన రబ్బరు మీదుగా అరచేయంత జాగాలో పరుచుకుని పడుతుంది. కింద పూర్తిగా కూర్చున్న టైలుకు అదొక బరువే కాదు. అసలు పరీక్ష జాకీది. బండిని ఎత్తినప్పుడు చిన్న ఇనప అడుగు మీద అంత బరువూ నిలుస్తుంది. బుల్లెట్ సైడ్ స్టాండ్ ఇంకా కష్టం, బొటనవేలంత ఇనుము ఒకే చోట గుచ్చుకుంటుంది. కింద ఖాళీ ఉంటే అక్కడ టైలు విరిగిపోతుంది. కాబట్టి పళ్ళున్న తాపీతో నేలంతా అడెసివ్ (టైల్స్ అతికించే జిగురు) గీసి, టైలు వెనక కూడా పలచగా పూసి, రబ్బరు సుత్తితో కొట్టి కూర్చోబెట్టాలి. మొదటి నాలుగైదు టైల్స్ వేసిన వెంటనే ఒకటి ఎత్తించి చూడండి. వెనకంతా తడి అడెసివ్ అంటుకుని ఉండాలి. అడిగితే మేస్త్రీకి కోపం వస్తుందేమోనని మొహమాటపడొద్దు, పని తెలిసినవాడు తనే ఎత్తి చూపిస్తాడు.

వట్టి సిమెంటు పాలు పోసి విట్రిఫైడ్ టైలు (బాగా కాల్చి గట్టిపరిచిన నేల టైలు) అతికించడం కూడా ఇక్కడ చాలామంది చేసే తప్పే. ఆ టైలు నీళ్లు పీల్చేది అర శాతం లోపే. పీల్చని వెనకను సిమెంటు పాలు పట్టుకోలేవు. గోడ టైలైతే పది శాతం పైనే పీలుస్తుంది, అందుకే అక్కడ నడిచిన పద్ధతి ఇక్కడ నడవదు.

అపోహ: మందంగా ఉండే పార్కింగ్ టైల్స్ కొంటే చాలు.

వాస్తవం: మందం మేలే. కానీ కింద నింపిన మట్టి దిగిపోతే ఎంత మందమైనా పగులుతుంది. 2021 నవంబర్ వానల తర్వాత మా ఊళ్లో కుంగిన నేలలు ఎన్నో చూశాను. మట్టిని పొరలు పొరలుగా తడిపి దిమ్మిస కొట్టి, పైన కనీసం నాలుగు అంగుళాల కాంక్రీటు వేసి, బాగా క్యూరింగ్ చేసి, నెల ఆగి టైల్స్ మొదలుపెట్టండి. వాలు గేటు వైపు ఉండాలి, ఎనిమిది అడుగులకు అంగుళం చొప్పున.

అపోహ: గ్యాపు లేకుండా అతికిస్తేనే అందం.

వాస్తవం: రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ ఎండలకు మన రేకుల షెడ్డులో నేల కూడా సాగుతుంది. జాగా లేకపోతే రెండు టైల్స్ ఒకదాన్నొకటి నెట్టుకుని గుడారంలా లేస్తాయి. టైలుకూ టైలుకూ మధ్య 3 మిల్లీమీటర్ల స్పేసర్ (సందు సమానంగా ఉంచే ప్లాస్టిక్ ముక్క) పెట్టండి. గోడ అంచున 8 నుంచి 10 మిల్లీమీటర్లు వదిలితే గోడ అడుగున వేసే స్కర్టింగ్ పట్టీ దాన్ని కప్పేస్తుంది.

ఆ గ్యాపుల్లో ఎపాక్సీ గ్రౌటే (రెసిన్‌తో చేసిన సందు పూరకం) నింపండి. ధర ఎక్కువే, పని కూడా నిదానం. కానీ టైలు పీల్చని ఇంజిన్ ఆయిల్‌ను సిమెంటు గ్రౌటు పీల్చేస్తుంది, ఇక ఆ నల్లగీత పోదు. దాన్ని వదిలించాలని యాసిడ్ పోస్తే గ్రౌటే కరిగిపోతుంది. ఆయిల్ ఒలికిన వెంటనే రంపపు పొట్టు చల్లి ఊడ్చేసి, తర్వాత సబ్బునీళ్లతో కడిగితే చాలు.

అపోహ: మెరిసే టైలైతే తుడవడం సులువు.

వాస్తవం: మెరుపు, ఆయిల్, నీళ్లు మూడూ కలిస్తే మనిషి పడతాడు. చేతిలో స్పానర్ పట్టుకుని పడితే దెబ్బ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఇంట్లో పెద్దవాళ్లు, పిల్లలు కూడా అటుగా నడుస్తారు. గరుకు మ్యాట్ టైలే తీసుకోండి, షాపులో తడిపి చెప్పులతో నిలబడి చూడండి.

అపోహ: కడప బండకు ఏమీ కాదు.

వాస్తవం: గట్టిదే, కానీ అది సున్నపురాయి. బ్యాటరీ యాసిడ్ పడితే నురగ లేచి మచ్చ నిలిచిపోతుంది.

వెల్డింగ్, సమ్మెట పని రోజూ ఉండే చోట మాత్రం నేను టైల్స్ వేయను, కాంక్రీటు నేలే మంచిదని చెప్పి వచ్చేస్తాను. నిప్పురవ్వలు టైలు పైనున్న గ్లేజు పూతను గుంతలు చేస్తాయి, జారిపడ్డ సుత్తి ఎంత మంచి టైలునైనా అంచు లేపేస్తుంది.

ఆ ట్యాక్సీ ఇంట్లో డొల్లవన్నీ తీసి మళ్లీ వేశాం. జాకీ కింద పెట్టుకోవడానికి అడుగు చదరం ప్లైవుడ్ చెక్క ఒకటి కోసిచ్చాను. వారం దాకా బండి ఎక్కించొద్దని చెబితే వీధిలోనే పెట్టుకున్నాడు. ఎనిమిదో రోజు పొద్దున్నే ఫోను: "మేస్త్రీ, ఇప్పుడు ఎక్కించొచ్చా?"