తల్లిపాలు, పిల్లల తెలివి: లెక్క ఎంతవరకు తేలింది?

ఉత్తర అట్లాంటిక్‌లో మంచు పలకల మీద పుట్టే హుడెడ్ సీల్ పిల్ల తల్లి దగ్గర పాలు తాగేది నాలుగు రోజులే. ఆ నాలుగు రోజుల్లోనే దాని బరువు దాదాపు రెట్టింపవుతుంది. ఆ పాలలో కొవ్వే 60 శాతం దాకా ఉంటుంది మరి. ఆవుదూడ బరువు రెట్టింపు కావడానికి నెలన్నర పడుతుంది. మనిషి బిడ్డకు నాలుగైదు నెలలు కావాలి. అందుకు తగ్గట్టే మన పాలు చాలా పల్చన. 87 శాతం నీళ్లే. కొవ్వు మూడున్నర నాలుగు శాతం ఉంటే, ప్రోటీన్ ఒక్క శాతం, అంటే ఆవుపాలలో ఉండేదాంట్లో మూడో వంతు. మన పాలది పైచేయి అయ్యేది తీపిలో. లాక్టోజ్ అనే చక్కెర ఇందులో 7 శాతం ఉంటుంది. క్షీరదాల పాలలో ఇంత లాక్టోజ్ ఉండడం అరుదు.

ఒళ్లు ఇంత నిదానంగా పెరుగుతుంటే ఈ చక్కెరంతా ఎక్కడికి పోతోంది? చాలావరకు తలలోకి. పుట్టినప్పుడు బిడ్డ మెదడు 350 నుంచి 400 గ్రాములు ఉంటుంది. ఏడాది నిండేసరికి 900 గ్రాముల దగ్గరికి చేరుతుంది. పెద్దవాళ్లు ఊరికే కూర్చున్నప్పుడు ఒంటికి ఖర్చయ్యే శక్తిలో మెదడు వాటా ఐదో వంతు. పసిబిడ్డలో అది సగానికి పైనే. ఆ ఖర్చుకు ఇంధనం గ్లూకోజ్. లాక్టోజ్ అరిగితే వచ్చే రెండు చక్కెరల్లో అదొకటి.

రెండోది గెలాక్టోజ్. దీని గురించి ఒక మాట తరచూ వినిపిస్తుంది. నాడీపోగుల చుట్టూ పేరుకునే కొవ్వు పొరను మైలిన్ అంటారు. అది ఉంటేనే నరాల్లో సంకేతాలు వేగంగా వెళ్తాయి. ఆ పొర తయారీకి గెలాక్టోజ్ కావాలి, కాబట్టి పాలలోని లాక్టోజ్ తెలివిని పెంచుతుందని అంటారు. మొదటి సగం నిజమే. రెండో సగం మాత్రం తొందరపాటు. గ్లూకోజ్ నుంచి గెలాక్టోజ్‌ను శరీరం తనే తయారుచేసుకోగలదు. గెలాక్టోసీమియా అనే జన్యులోపంతో పుట్టిన పిల్లలకు పాలే ప్రమాదం. వాళ్లకు లాక్టోజ్ లేని ఆహారమే పెడతారు, అయినా వాళ్ల మెదడులోనూ మైలిన్ ఏర్పడుతుంది. పాలలో ఒక పదార్థం ఉంది, అదే పదార్థం మెదడులోనూ ఉంది, కాబట్టి ఒకటి రెండోదాన్ని పెంచుతుంది అనే ఈ తర్కం ఈ విషయంలో అడుగడుగునా ఎదురవుతుంది. నమ్మే ముందు ఒక్క క్షణం ఆగడం మంచిది.

తల్లిపాలలో బిడ్డ అరిగించుకోలేని చక్కెరలు కూడా ఉన్నాయి. వీటిని ఒలిగోశాకరైడ్లు అంటారు. లీటరుకు 5 నుంచి 15 గ్రాముల దాకా, నూటయాభైకి పైగా రకాలుగా ఉంటాయి. బిడ్డకు పనికిరానివాటిని తల్లి ఒళ్లు ఇంత కష్టపడి ఎందుకు తయారుచేస్తుందో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. అవి బిడ్డ పేగుల్లోని బిఫిడోబ్యాక్టీరియా కోసం. ఈ సూక్ష్మజీవులు వాటిని తిని పెరిగి, హానిచేసేవాటికి చోటు లేకుండా చేస్తాయి. పేగుల్లోని జీవులకూ మెదడుకూ సంబంధం ఉందని ఎలుకల్లో చాలా ప్రయోగాలు చెబుతున్నాయి. పిల్లల విషయంలో ఉన్న ఆధారాలు ఇంకా చిన్నవే. ఈ చక్కెరల్లో ఒకటి మొదటి నెల పాలలో ఎక్కువగా ఉన్న పిల్లలకు రెండేళ్ల వయసులో పరీక్ష మార్కులు కాస్త ఎక్కువ వచ్చాయని 2020లో అమెరికా నుంచి ఒక పరిశోధన వచ్చింది. అందులో ఉన్నది 50 మంది తల్లీబిడ్డలే.

పైగా పాలు ఏ రోజుకారోజు మారుతుంటాయి. మొదటి రోజుల ముర్రుపాలలో రోగనిరోధక ప్రోటీన్లు దట్టంగా ఉంటాయి. పాలిచ్చే ప్రతిసారీ మొదట్లో కొవ్వు తక్కువ, చివరికొచ్చేసరికి ఎక్కువ. రాత్రి పాలలో మెలటోనిన్ అనే నిద్ర హార్మోన్ ఉంటుంది, పగటి పాలలో దాదాపు ఉండదు. పగలేదో రాత్రేదో ఇంకా తెలియని బిడ్డకు ఇది తల్లి నుంచి అందే సమాచారం. మెక్సికో సిటీ, షాంఘై, సిన్సినాటిలలోని తల్లుల పాలను పరీక్షించిన శాస్త్రవేత్తలు 2023లో ఇలాంటిదే ఇంకొకటి చూపించారు. మయో-ఇనోసిటాల్ అనే చిన్న అణువు మూడు చోట్లా తొలి నెలల పాలలో బాగా ఎక్కువగా ఉండి, తర్వాత తగ్గుతూ వచ్చింది. మెదడులో నాడీకణాల మధ్య అతుకులు జోరుగా పడే కాలం కూడా అదే. ప్రయోగశాలలో పెంచిన నాడీకణాలకు ఇది అందిస్తే అతుకులు పెరిగాయి. పిల్లల మెదడులో అలాగే జరుగుతుందా అన్నది ఇంకా తేలాలి.

ఇక డీహెచ్ఏ సంగతి. పోతపాల డబ్బాల మీద పెద్ద అక్షరాలతో కనిపించే పేరు ఇదే. ఇది ఒమేగా-3 రకం కొవ్వు, మెదడులోనూ కంటి వెనక వెలుగును పట్టే రెటీనా పొరలోనూ పుష్కలంగా ఉంటుంది. తల్లిపాల కొవ్వులో దీని వాటా సగటున 0.3 శాతం. చేపలు బాగా తినే తల్లుల పాలలో ఇది అంతకు రెండు మూడు రెట్లు కూడా ఉంటుంది. నెలలు నిండి పుట్టిన పిల్లలకు డీహెచ్ఏ కలిపిన పోతపాలు పట్టి చేసిన పరీక్షలన్నీ కలిపి చూస్తే తెలివిలో నికరమైన తేడా కనిపించలేదు. అదే 29 వారాలు నిండకుండా పుట్టిన పిల్లల్లో మాత్రం కనిపించింది. ఆస్ట్రేలియాలో జరిగిన పెద్ద ప్రయోగంలో డీహెచ్ఏ అందిన పిల్లల ఐక్యూ ఐదేళ్ల వయసులో మూడున్నర పాయింట్లు ఎక్కువగా ఉందని 2022లో తేలింది. కారణం ఊహించడం కష్టం కాదు. గర్భంలో చివరి మూడు నెలల్లో తల్లి నుంచి అందాల్సిన కొవ్వు ఆ పిల్లలకు అందనేలేదు. లోటున్నచోట పోస్తే పని జరుగుతుంది. నిండిన కుండలో పోస్తే పొర్లిపోతుంది, అంతే. డబ్బా మీది అక్షరాల సైజు చూసి ఈ తేడా కనిపెట్టలేం.

లోటు ఎంత పని చేస్తుందో 2003లో ఇజ్రాయెల్‌లో బయటపడింది. సోయాతో చేసిన ఒక పోతపాల పొడిలో విటమిన్ బి1 లేకుండా పోయింది. కొందరు పసిపిల్లలు చనిపోయారు, కొందరికి నరాల జబ్బులు వచ్చాయి. ఇంకా ఎక్కువ కలవరపెట్టే విషయం కొన్నేళ్లకు తెలిసింది. అప్పట్లో ఏ లక్షణమూ కనబడని పిల్లల్లో చాలామందికి మాటలు, వాక్యాలు కూర్చుకోవడంలో ఇబ్బంది మిగిలిపోయింది. ఒక్క విటమిన్, అదీ కొంతకాలం పాటే.

ఇంతకీ తల్లిపాలు తాగిన పిల్లలకు తెలివి ఎక్కువా? ఈ ప్రశ్న మీద పరిశోధన 1929 నుంచీ ఉంది. ఒకవైపు తల్లిపాల పిల్లలు, ఇంకోవైపు పోతపాల పిల్లలు, పోల్చితే మొదటివాళ్లకు మూడు నాలుగు పాయింట్లు ఎక్కువ. చిక్కు ఏమిటంటే సంపన్న దేశాల్లో ఎక్కువకాలం పాలిచ్చే తల్లులకు చదువు, డబ్బు, తీరిక కూడా ఎక్కువ. అమెరికాలో ఐదు వేలకు పైగా పిల్లల మీద చేసిన పరిశోధన 2006లో అచ్చయింది. తల్లి ఐక్యూనూ ఇంటి పరిస్థితులనూ లెక్కలోకి తీసుకునేసరికి తేడా అర పాయింటుకు పడిపోయింది. ఒకే తల్లి పిల్లల్లో పాలు తాగినవాళ్లనూ తాగనివాళ్లనూ పోల్చినా పెద్దగా ఏమీ మిగల్లేదు.

మరి అసలు తేడాయే లేదనాలా? అలా అనకుండా ఆపుతున్నవి రెండు. బ్రెజిల్‌లోని పెలోటస్‌లో 1982లో పుట్టినవాళ్లను 30 ఏళ్ల పాటు గమనించారు. ఆ రోజుల్లో అక్కడ ఉన్నవాళ్లూ లేనివాళ్లూ ఒకేలా పాలిచ్చేవాళ్లు, కాబట్టి డబ్బు చిక్కు తక్కువ. అక్కడ కూడా ఏడాదికి మించి తాగినవాళ్లకు, నెల కూడా తాగనివాళ్ల కన్నా ఐక్యూ దాదాపు నాలుగు పాయింట్లు ఎక్కువ వచ్చింది.

రెండోది బెలారస్‌లో జరిగిన ప్రయోగం. నా దృష్టిలో ఈ రంగంలో అన్నిటికంటే బరువైనది ఇదే. తల్లుల్ని విడదీసి మీరు పాలివ్వండి, మీరు ఇవ్వకండి అని ఎవరూ చెప్పలేరు. అందుకని 1996లో 31 ఆసుపత్రులను లాటరీ పద్ధతిలో విడదీశారు. కొన్నింటిలో పాలివ్వడానికి తల్లులకు ప్రత్యేకంగా సాయం చేశారు, మిగతా చోట్ల మామూలుగా వదిలేశారు. మొత్తం 17 వేల మంది తల్లీబిడ్డలు. మూడో నెలలో సాయం అందినవైపు 43 శాతం మంది బిడ్డలు కేవలం తల్లిపాల మీదే ఉన్నారు, రెండోవైపు 6 శాతమే. ఆరున్నరేళ్లకు పరీక్షిస్తే భాషకు సంబంధించిన ఐక్యూలో ఏడున్నర పాయింట్ల తేడా! టీచర్లు కూడా చదవడం, రాయడంలో సాయం అందినవైపు పిల్లలే మెరుగన్నారు. అయితే పరీక్ష పెట్టిన డాక్టర్లకు ఏ పిల్లలు ఏ వైపువాళ్లో తెలుసు, కాబట్టి ఆ అంకె మీద అనుమానం ఉండిపోయింది. పదహారేళ్ల వయసులో కంప్యూటర్ మీద పరీక్ష పెట్టారు. భాషలో తేడా పాయింటున్నరకు తగ్గింది, మిగతావాటిలో దాదాపు లేదు. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. రెండువైపులా తల్లులందరూ పాలివ్వడం మొదలుపెట్టినవాళ్లే, సాయం అందినవైపు కూడా సగానికి పైగా పిల్లలు మూడో నెలకే కేవలం తల్లిపాల మీద లేరు. అందువల్ల అసలు ప్రభావం ఈ అంకె కన్నా ఎక్కువ కూడా కావచ్చు.

ఏదో ఉంది, చిన్నదే, ఎక్కువగా భాష వైపే ఉంది. ఇప్పటికి నేను చెప్పగలిగింది ఇంతే. ఐక్యూ పరీక్షలో సగటు 100, మామూలు హెచ్చుతగ్గులే 15 పాయింట్లు. అందులో రెండు మూడు పాయింట్ల తేడాను ఒక బిడ్డలో ఎవరూ గుర్తుపట్టలేరు. పాలు చాలక, జబ్బు చేసి, ఉద్యోగానికి వెళ్లాల్సి వచ్చి పోతపాలు పట్టిన తల్లి తన బిడ్డ తెలివి గురించి టెన్షన్ పడాల్సినంత విషయం ఇందులో లేదు. తల్లిపాలకు తెలివితో పని లేని గట్టి కారణాలు, అంటే విరేచనాలు, చెవి, ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్లు తగ్గించడం లాంటివి, వేరే ఉన్నాయి.

తెలివి గురించి ఇంత చర్చ జరుగుతున్నా, పాలలో దాదాపు లేని పోషకాన్ని ఎవరూ తలుచుకోరు. అది ఇనుము. తల్లిపాలలో లీటరుకు అర మిల్లీగ్రాము కూడా ఉండదు. బిడ్డ పుడుతూ తెచ్చుకున్న నిల్వతోనే సుమారు ఆరు నెలలు నెట్టుకొస్తుంది. ఆ తర్వాత పైఆహారంలో ఇనుము అందకపోతే మెదడు ఎదుగుదల మీద దెబ్బ పడుతుందన్నదానికి ఆధారాలు బలంగానే ఉన్నాయి. ఆ నిల్వ ఎంత ఉంటుందన్నది కొంత కాన్పు గదిలోనే తేలిపోతుంది. పుట్టగానే బొడ్డుతాడు బిగించకుండా కాసేపు ఆగితే మాయలోని రక్తం బిడ్డలోకి చేరుతుంది, దాంతోపాటు ఇనుమూ చేరుతుంది. కనీసం ఒక నిమిషం ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. స్వీడన్‌లో మూడు నిమిషాలు ఆగి చూశారు. నాలుగేళ్లకు ఐక్యూలో తేడా రాలేదు గానీ, ఆ పిల్లలకు, ముఖ్యంగా మగపిల్లలకు, పెన్సిల్ పట్టుకోవడం లాంటి చేతి పనులు మెరుగ్గా వచ్చాయి.