రీఫ్ ట్యాంకులో మొండి నాచు: అపోహలు - వాస్తవాలు

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు నేను చూసుకునే రీఫ్ ట్యాంకులు, అంటే పగడాలు పెంచే సాల్ట్ వాటర్ అక్వేరియంలు, చాలావరకు రొయ్యల గుంటలున్నవాళ్ల ఇళ్లలోనివి. లేదంటే హేచరీల్లోనో మేత వ్యాపారంలోనో ఉన్నవాళ్లవి. వీళ్లకు పీహెచ్ అంటే ఏంటి, అమ్మోనియా ఎందుకు పెరుగుతుంది అని చెప్పాల్సిన పని లేదు. కొన్ని విషయాల్లో నాకంటే వాళ్లకే ఎక్కువ తెలుసు. చిక్కల్లా నాచు దగ్గరే వస్తుంది. ఏదో మొలిచింది, దానికో మందుంటుంది, కొట్టేస్తే పోతుంది అన్నది గుంటల మీద అలవాటైన ఆలోచన. రీఫ్ ట్యాంకులో అది ఎదురు తిరుగుతుంది. నేను తరచుగా వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: నాచుకు ఎరువులాంటి ఫాస్ఫేట్ టెస్టులో సున్నా చూపిస్తోంది. అంటే నీళ్లు బాగున్నట్టే, నాచు వేరే కారణంతో వస్తోంది.

"ఏంనా, కిట్‌లో సున్నా వస్తుంటే ఈ నాచు ఎక్కడ్నుంచి వస్తున్నట్టు?" అని ఫొటో పంపుతారు. రాళ్ల మీద జానెడు పొడవున పచ్చటి వెంట్రుకల్లా హెయిర్ ఆల్గే, పక్కనే రంగు మారని టెస్ట్ ట్యూబు. రెండూ నిజమే. నీళ్లలో ఆ నిమిషానికి మిగిలి ఉన్న ఫాస్ఫేట్‌నే కిట్ చూపిస్తుంది. మేత నుంచి వచ్చింది వచ్చినట్టే నాచు తినేస్తుంటే ఇక మిగిలేదేముంది? ఫాస్ఫేట్ అంతా ఆ పచ్చటి కుచ్చుల్లోనే ఉంది.

దాచుకునేది నాచు ఒక్కటే కాదు. మన రాళ్లు, ఇసుక కాల్షియం కార్బొనేట్. నీళ్లలో ఫాస్ఫేట్ ఎక్కువున్నప్పుడు అవి పట్టుకుంటాయి, తగ్గినప్పుడు వదులుతాయి. జీఎఫ్ఓ (ఫాస్ఫేట్‌ను పట్టుకునే ఐరన్ ఆక్సైడ్ గుళికలు) వేశాక మొదటి వారం అంకె పడిపోయి మళ్లీ లేచేది అందుకే. ఆ గుళికలు నకిలీవని షాపువాడి మీదికి పోకండి. రాయి తన దగ్గర దాచుకున్నది బయటికి వదులుతోంది, అంతే. పాత ట్యాంకుల్లో దీనికి నెలలు పడుతుంది.

కాబట్టి కిట్‌లో ఏమొచ్చినా ముందు చేయాల్సింది చేత్తో పీకడమే. సైఫన్ ట్యూబు చివర టూత్ బ్రష్ కట్టి, రుద్దుతూ ఆ నీళ్లతోపాటే బయటికి లాగేయాలి. వీలైన రాయిని బకెట్లోకి తీసి, ట్యాంకు నీళ్లతోనే రుద్ది కడగాలి. ట్యాంకులోనే రుద్ది వదిలేయడమంటే కలుపు పీకి మళ్లోనే వదిలేసినట్టు. తునకలు వేరే రాయి మీద అంటుకుంటాయి, మిగిలింది కుళ్లి మళ్లీ ఎరువవుతుంది.

అపోహ: నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకి దించేస్తే నాచు బెడద ఉండదు.

పట్టుదల ఉన్నవాళ్లు చేసే పని ఇది. పచ్చ నాచు పోతుంది కూడా. ఆ తర్వాత ఇసుక మీద గోధుమ రంగు జిగురు మొదలవుతుంది. తీగల్లా సాగుతుంది, తీగల చివర గాలి బుడగలు. రాత్రి లైటు ఆపితే తగ్గి, మధ్యాహ్నానికి మళ్లీ నిండుతుంది. నత్తలు ఒక్కొక్కటే పడిపోతుంటాయి. అవి డైనోఫ్లాజెల్లేట్లు, కంటికి కనపడని ఏకకణ జీవులు; మేం డైనోలంటాం. పోటీకి వచ్చే నాచూ బ్యాక్టీరియా ఆకలితో తగ్గిపోయినప్పుడు ఆ ఖాళీలో ఇవి కూర్చుంటాయి. హెయిర్ ఆల్గేతో నేను ఎన్నాళ్లయినా వేగుతాను కానీ డైనోలంటే మాత్రం నాకూ టెన్షనే.

డైనోలో, సిలికా తిని గోధుమ రంగు పొర కట్టే మామూలు డయాటమ్‌లో తేల్చుకోవడానికి ఇంట్లోనే ఒక పద్ధతుంది. కొంచెం జిగురు ట్యాంకు నీళ్లతో కలిపి సీసాలో తీసుకుని బాగా కుదపండి. టిష్యూ పేపర్లోంచి వడకట్టి, కిందికి దిగిన తేట నీళ్లను గంటసేపు వెలుతురులో ఉంచండి. తేటగా ఉన్న నీళ్లలో మళ్లీ తీగలు కట్టుకుంటే డైనోలే.

ఇంకా నయం, మన దగ్గర ఆక్వా ల్యాబులకు కొదవ లేదు. రొయ్యలు చూసే మైక్రోస్కోపు కిందే ఒక చుక్క పెట్టించండి. కన్నీటి చుక్క ఆకారంలో, మొన దగ్గర కట్టేసినట్టు ఒకేచోట గిర్రున తిరుగుతుంటే ఆస్ట్రియాప్సిస్. కోలగా ఉండి జారుకుంటూ పోతుంటే ఎక్కువగా యాంఫిడీనియం. ఈ తేడా తెలియకుండా డబ్బు ఖర్చుపెట్టొద్దు. ఆస్ట్రియాప్సిస్ రాత్రిపూట నీళ్లలోకి లేస్తుంది కనుక ట్యాంకు నీళ్లను తనలోంచి పంపే యూవీ లైటు దాని మీద పనిచేస్తుంది. యాంఫిడీనియం ఇసుక వదిలి రాదు, యూవీ పెట్టినా దానికి తగలదు. ఏదైనా సరే, నైట్రేట్, ఫాస్ఫేట్ మళ్లీ పెంచుకోవాల్సిందే. ఆస్ట్రియాప్సిస్‌లో పాలిటాక్సిన్ జాతి విషాలుంటాయి. గ్లవ్స్ లేకుండా చేతులు పెట్టకండి, నోటితో సైఫన్ అసలే లాగకండి.

నా ట్యాంకుల్లో ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు), నైట్రేట్ 5 నుంచి 10 మధ్య ఉంచుతాను. పగడాలకూ తిండి కావాలి.

అపోహ: నాచుకు మందు ఉంది, నేను దాస్తున్నాను.

మైలుతుత్తం వేద్దామా అని అడిగినవాళ్లున్నారు. చేపల చెరువులో నాచుకు అది వాడతారు, నిజమే. రీఫ్ ట్యాంకులో రాగి పడితే నత్తలు, రొయ్యలు, పగడాలు చచ్చిపోతాయి. రాళ్లు దాన్ని కూడా పట్టుకుని తర్వాత మెల్లగా వదులుతాయి. ఆ రాళ్లను మళ్లీ రీఫ్‌కు వాడటం కష్టం.

ఒక్క దానికి మాత్రం మందు గట్టిగా పనిచేస్తుంది. అది బ్రయాప్సిస్. దగ్గరగా చూస్తే ఒక్కో రెమ్మ చిన్న ఈకలా, నడుమ కాడ, రెండు పక్కలా సన్నటి పోచలతో ఉంటుంది. ఎంత పీకినా పోదు. దీనికి ఫ్లూకోనజోల్, మనుషులకు ఫంగస్‌కు ఇచ్చే మాత్రే, డాక్టరు చీటీ మీద ఇచ్చేది. హాబీలో వాడే మోతాదు లీటరుకు 20 మిల్లీగ్రాములు. రాళ్లు పోను అసలు నీళ్లు 300 లీటర్లుంటే 6000 మిల్లీగ్రాములు, అంటే 150 మిల్లీగ్రాముల మాత్రలు 40. నలగ్గొట్టి నీళ్లలో కలిపి పోయాలి. ఫిల్టర్లో ఉన్న యాక్టివేటెడ్ కార్బన్ (బొగ్గు) తీసేయాలి. నురగతో మలినాలను లాగే స్కిమ్మర్ కప్పు తీసి, గాలి కోసం మాత్రం నడవనివ్వాలి. రెండు మూడు వారాల్లో నాచు పాలిపోయి రాలుతుంది. రాలినదాన్ని వెంటవెంటనే తీయకపోతే అదే కుళ్లి ఇంకో నాచుకు మేత.

ఎర్రటి దుప్పటిలా పరుచుకుని, గోటితో లేపితే ముక్కగా ఊడొచ్చేది అసలు నాచే కాదు. సయానోబ్యాక్టీరియా అది. ఫ్లూకోనజోల్ దాన్ని ఏమీ చేయదు. నీళ్ల కదలిక లేని మూలల్లో ఎక్కువ వస్తుంది, ముందు పంపు దిశ మార్చి చూడండి.

అపోహ: ఇంట్లో ఆర్‌ఓ ఉంది, నీళ్ల సమస్య లేదు.

తాగే నీళ్ల ఆర్‌ఓల్లో చాలావాటికి రుచి కోసం టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) కంట్రోలర్ ఉంటుంది, వడకట్టని నీళ్లను కొంచెం కలిపి ఇస్తుంది. మీటరు ముంచి చూస్తే 60, 80, కొన్నిట్లో 100 పైనే చూపిస్తుంది. రీఫ్‌కు కావాల్సింది సున్నా. ప్రకాశం వైపు బోర్ల సంగతి చెప్పనక్కర్లేదు. బోరు నీళ్లు 1500 టీడీఎస్ ఉంటే ఆర్‌ఓ మెంబ్రేన్ 96 శాతం ఆపినా 60 దిగుతుంది. ఆ 60ని డీఐ రెసిన్ (ఆర్‌ఓ తర్వాత మిగిలిన లవణాలను పట్టుకునే గుళికలు) తీయాలి, అంత భారం మీద రెసిన్ త్వరగా అయిపోతుంది. అయిపోయేటప్పుడు ముందుగా జారిపోయేది సిలికా, దాన్ని టీడీఎస్ మీటరు సరిగా పట్టుకోదు. గాజు మీద రెండు రోజులకోసారి డయాటమ్‌ల గోధుమ రంగు పొర వస్తుంటే ముందు రెసిన్ మార్చి చూడండి.

మే నెలలో ఫ్యాన్ పెట్టి చల్లబరిచే ట్యాంకుల్లో రోజూ బోలెడు నీళ్లు ఆవిరైపోతాయి. ఆవిరయ్యేది నీళ్లే, అందులో ఉన్న సరుకు కాదు. మీరు పోసే ప్రతి చెంబుతో అది పోగవుతుంది. ఎండాకాలంలో నాచు ఎందుకు పెరుగుతుందని అడిగేవాళ్లు ముందు ఈ లెక్క చూసుకోవాలి.

అపోహ: మైపాడు సముద్రం పక్కనే ఉండగా ట్యాంకు నీళ్లకు ఉప్పు కొనడమెందుకు?

పగడాలకు లీటరుకు 35 గ్రాముల ఉప్పదనం నిలకడగా కావాలి. ఈశాన్య రుతుపవనాల వానలకు ఏర్లు, కాలవలు వచ్చి కలిసినప్పుడు మన తీరం నీళ్లలో ఉప్పదనం పడిపోతుంది. గుంటల పట్టుబడి అప్పుడు వదిలే నీళ్లు కూడా కాలవల మీదుగా సముద్రానికే చేరతాయి కదా. అందులో ఏముంటుందో గుంటలున్నవాళ్లకు నేను చెప్పాలా?

అపోహ: గుంటలో బెల్లం, తవుడు పులియబెట్టి వేస్తాం, ట్యాంకుకూ అదే.

సూత్రం ఒకటే, ఒప్పుకుంటాను. బెల్లం లాంటి కార్బన్ ఉన్న తిండి ఇస్తే బ్యాక్టీరియా పెరిగి నైట్రేట్, ఫాస్ఫేట్ తింటుంది. కానీ గుంటలో ఆ బ్యాక్టీరియా అక్కడే ఉన్నా ఫర్వాలేదు, ట్యాంకులో దాన్ని స్కిమ్మర్ బయటికి తీయాలి. స్కిమ్మర్ లేకపోతే మొదలుపెట్టొద్దు. బెల్లం బదులు తెల్ల వెనిగర్ వాడండి, బెల్లంతో వేరే ఖనిజాలు కూడా వచ్చి పడతాయి. కొద్దికొద్దిగా, వారాల మీద పెంచుకుంటూ పోవాలి. ఒక్కసారిగా పోస్తే నీళ్లు పాలలా తెల్లబడి, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుంది. ఏరియేటర్ ఆగిపోయిన గుంటలో ఏమవుతుందో అదే. రాత్రి కరెంటు పోయే ఊళ్లలో బ్యాటరీ ఎయిర్ పంపు లేకుండా ఈ పని వద్దు.

అపోహ: మూడు రోజులు లైటు ఆపి దుప్పటి కప్పితే చాలు.

సయానోకి, కొన్ని డైనోలకు తాత్కాలికంగా పనిచేస్తుంది. హెయిర్ ఆల్గే నాలుగో రోజు నీరసంగా, పదో రోజు ఎప్పటిలాగే ఉంటుంది.

అపోహ: నత్తలు వేస్తే అవే చూసుకుంటాయి.

టర్బో, ట్రోకస్ నత్తలు పొట్టి నాచును బాగా గీకుతాయి. పొడవు పెరిగినదాన్ని చాలావరకు ముట్టవు. ముందు మీరు కత్తిరించాలి, తర్వాత అవి తింటాయి. బబుల్ ఆల్గేను ఏ నత్తా పట్టించుకోదు. ఆ పచ్చ బుడగను సన్నటి స్క్రూడ్రైవర్‌తో మొదలు దగ్గర కదిలించి, పగలకుండా ట్యూబులోకి లాగండి.

అపోహ: సముద్రంలోంచి తెచ్చిన లైవ్ రాక్ (జీవాలు అంటుకుని ఉన్న పగడపు రాయి) పెడితే నాచు రాదు.

ముందు చట్టం. రీఫ్ కట్టే పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒకటో షెడ్యూల్లో ఉన్నాయి, మన్నార్ సింధుశాఖ నుంచి ఎవరో తెచ్చిస్తామంటే ఒప్పుకోకండి. పైగా బబుల్ ఆల్గే, బ్రయాప్సిస్ ట్యాంకులోకి వచ్చే దారుల్లో ఆ రాయి ఒకటి. డ్రై రాక్‌తో (జీవాలేమీ లేని ఎండు రాయితో) మొదలుపెడితే తొలి వారాల్లో గోధుమ రంగు దుమ్ములా డయాటమ్‌లు వస్తాయి. దానికి ఏ మందూ అక్కర్లేదు, సిలికా అయిపోగానే అదే పోతుంది. ఆ తర్వాత పచ్చ పొర మొదలయ్యాక నత్తలను దించండి.