మిలాన్ దువోమో: 84 కాదు, 76

మిలాన్ నడిబొడ్డున ఉన్న దువోమో కేథడ్రల్ పని 1386లో మొదలైంది. ఎంత ఎత్తు కట్టాలన్నది మాత్రం అప్పటికింకా తేలలేదు. వెడల్పు ఖాయమైంది, 96 బ్రాచ్చోలు. ఒక బ్రాచ్చో అంటే మన లెక్కలో సుమారు 60 సెంటీమీటర్లు.

1391లో పియచెంజా నుంచి గాబ్రియేలె స్టోర్నలోకో అనే గణితజ్ఞుణ్ణి పిలిపించారు. వెడల్పును భూమిగా తీసుకుని సమబాహు త్రిభుజం గీయండి, దాని ఎత్తే కప్పు ఎత్తు అన్నాడాయన. గీయడం సులువే. కొలతే చిక్కు. ఆ ఎత్తు 83.138... అంటూ ఎంతకీ తెగదు, అందులో 3 వర్గమూలం ఉంది మరి. మేస్త్రీ కొలబద్ద మీద దాన్ని ఎక్కడ గుర్తు పెడతాడు? అందుకే స్టోర్నలోకో 84 చేసేశాడు. అప్పుడది సరిగ్గా ఆరు పద్నాలుగులు. మరుసటి ఏడాది మేస్త్రీలు అదీ ఎక్కువే అనుకున్నారు. 28 బ్రాచ్చోల వరకు పాత లెక్కే ఉంచి, ఆ పైన 3-4-5 త్రిభుజానికి (భుజాలు ఆ నిష్పత్తిలో ఉండే లంబకోణ త్రిభుజం) మారి, మొత్తం 76కి దించారు. ఇప్పుడు మధ్య నడవ కప్పు 45 మీటర్ల ఎత్తున ఉండటానికి కారణం అదే.

తర్వాత పారిస్ నుంచి జాన్ మిన్యో అనే నిర్మాణ నిపుణుడు వచ్చాడు. ఆనుగోడలు, అంటే గోడలు బయటికి ఒరగకుండా ఆపే ఊతాలు, బలహీనంగా ఉన్నాయి, కట్టడం నిలవదన్నాడు. శాస్త్రం లేని కళ శూన్యమన్నాడు. కొనదేలిన కమానులు ఆనుగోడల్ని నెట్టవని స్థానిక మేస్త్రీలు ఎదురు వాదించారు. ఇది శుద్ధ తప్పు. ఆ కమానులు పక్కలకు తక్కువ నెడతాయి గానీ, నెట్టకుండా ఉండవు. అయినా 1401లో ఇంటికి పంపింది మిన్యోనే. వాదనలో ఓడాల్సినవాళ్లు కట్టడంలో గెలిచారంటే అందులో ఇనుము వాటా ఉంది. కమానులు విచ్చుకోకుండా స్తంభాల తలల మధ్య బిగించిన ఇనుప కడ్డీలు లోపల తలెత్తితే ఇప్పటికీ కనిపిస్తాయి.

చర్చి మొత్తం మీద మూడు వేలకు పైగా శిల్పాలున్నాయి. అన్నీ గొప్పవేం కావు. ఒక్కటి మాత్రం దాటి పోనివ్వదు. మార్కో ద'అగ్రాటె 1562లో చెక్కిన సెయింట్ బార్తొలొమ్యూ. సజీవంగా చర్మం ఒలిపించుకున్న ఈ అపొస్తలుడు కండరాలు, నరాలు బయటపడి నిలబడి ఉంటాడు. భుజాల మీంచి జారి, నడుముకు చుట్టుకున్నది శాలువా అనిపిస్తుంది. దగ్గరికెళితే అది ఆయన చర్మమే. నన్ను చెక్కింది ప్రాక్సిటెలీస్ (ప్రాచీన గ్రీకు మహాశిల్పి) కాదు, మార్కో అని పీఠం మీద రాతా ఉంది. గొప్పలే, కానీ శరీర నిర్మాణం అంత క్షుణ్ణంగా చదివినవాడికి ఆమాత్రం చెల్లుతుంది.

ఇదంతా చెక్కింది కాండోల్యా గనుల గులాబిజీర తెల్ల పాలరాతి మీద. పడవల్లో, కాలువల వెంట మిలాన్ చేరేది. పాలరాయి కాల్షియం కార్బొనేట్. నగరపు పొగలోని గంధకం సోకితే జిప్సమ్‌గా మారుతుంది, ఆ పొరలో మసి ఇరుక్కుని నల్లబడుతుంది.

అసలు గండం మాత్రం కింద నుంచి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పరిశ్రమలూ నగరమూ భూగర్భజలాన్ని ఇష్టం వచ్చినట్టు తోడేశాయి. నీటిమట్టం పడిపోయి నేల కుంగింది, అదీ అన్నిచోట్లా ఒకేలా కాదు. పెద్ద శిఖరాన్ని మోసే నాలుగు స్తంభాలు పగుళ్లిచ్చాయి. 1980లలో ఆ బరువును తాత్కాలిక ఆసరాలకు అప్పగించి, దెబ్బతిన్న రాళ్లను కొద్దికొద్దిగా తీసి కొత్తవి పేర్చారు. ఫ్యాక్టరీలు వెళ్లిపోయాక నీరు మళ్లీ పైకొచ్చింది. ఇప్పుడు నగరంలో సెల్లార్లకూ మెట్రో సొరంగాలకూ ఊట బెడద.