చెరువు కట్ట గురించి ఊరూరా వినే మాటలు: అపోహలు - వాస్తవాలు

మృగశిర కార్తె దగ్గర పడుతుందంటే నాకు కట్టలే గుర్తొస్తాయి. ఇరవై ఏళ్లుగా చెరువుల పనుల మీదే తిరుగుతున్నాను. కొత్తగా కట్టించినవి తక్కువే. బాగు చేయించినవీ, వాన రాత్రి టార్చి పట్టుకుని కాపలా కాసినవీ ఎక్కువ. తమ చెరువు గురించి ఊరివాళ్లకు తెలిసినంత ఏ ఇంజినీరుకూ తెలియదు, ఆ మాట ఒప్పుకుంటాను. అయినా కొన్ని మాటలు ప్రతి ఊళ్లోనూ ఒకేలా వినిపిస్తాయి. వాటిని నమ్మి కట్టలు పోగొట్టుకున్న ఊళ్లు చూశాను కాబట్టి రాస్తున్నాను.

అపోహ: చెరువు ఎంత పెద్దదైతే కట్ట మీద అంత బరువు. మాది చిన్న కుంట, దీనికేమవుతుంది?

కట్టను నెట్టేది నీటి లోతు. చెరువు యాభై ఎకరాలున్నా ఐదొందల ఎకరాలున్నా, కట్ట దగ్గర పదడుగుల నీళ్లుంటే తోపుడు ఒక్కటే. తెగితే పారే నీళ్లలో తేడా ఉంటుంది గానీ, తెగే ప్రమాదం కుంటకూ అంతే ఉంది.

అపోహ: కట్ట మీద నుంచి కాసేపు నీళ్లు పొర్లినా ఏం కాదు.

రాతి ఆనకట్ట తట్టుకుంటుందేమో, మట్టికట్టకు ఆ శక్తి లేదు. పొర్లిన నీరు బయటి వాలు మీద జారుతూ మట్టిని కోసుకుంటూ వస్తుంది. ట్రాక్టర్లు ఎక్కి దిగి కట్ట కాస్త కుంగిన చోటు ఒకటి ఉంటుంది కదా, నీళ్లన్నీ అక్కడికే చేరతాయి. జానెడు పాయ చూస్తుండగానే గండి అవుతుంది. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టుకు జరిగింది ఇదే. పైన పింఛ ప్రాజెక్టు కట్ట తెగి ఆ నీరు కూడా వచ్చి కలిసింది. కాంక్రీటు కట్టడం, గేట్లు నిలబడే ఉన్నాయి. పక్కనున్న మట్టికట్ట కొట్టుకుపోయింది. కింది ఊళ్లలో ఎన్నో ప్రాణాలు పోయాయి. దానితో పోలిస్తే మన చెరువులు చాలా చిన్నవి, కానీ మట్టి గుణం ఎక్కడైనా ఒకటే.

అపోహ: మత్తడి మీద నాలుగు వరసల ఇసుక బస్తాలు పేరిస్తే యాసంగికి నీళ్లు మిగులుతాయి.

నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఈ పనే. మత్తడి, అంటే ఆంధ్ర వైపు అలుగు, నీళ్లు నిలవ చేయడానికి కట్టింది కాదు. ఎక్కువైన నీళ్లు కట్ట జోలికి రాకుండా పోవడానికి వదిలిన దారి. ఒక చెరువు మత్తడి మీద మూడడుగుల మందాన నీళ్లు దూకినా కట్టకు ఢోకా లేదనుకోండి. దాని మీద అడుగు ఎత్తున బస్తాలు వేస్తే రెండడుగులు మిగులుతుంది. మూడో వంతే కదా తగ్గింది అనిపిస్తుంది. లెక్క వేస్తే మత్తడి వదలగల నీళ్లు దాదాపు సగానికి పడిపోతాయి, ఎందుకంటే మందం తగ్గితే నీటి వేగం కూడా తగ్గుతుంది. మిగిలిన సగం వరద కట్ట మీదికే వస్తుంది.

చేపలు కొట్టుకుపోకుండా కట్టే జాలీలతోనూ ఇదే ప్రమాదం. మత్స్యకారుల బాధ నాకు తెలుసు. చేప పిల్లలకు పెట్టిన డబ్బు, ఏడాది ఆశ మత్తడి దూకి వెళ్లిపోతుంటే ఎవరు చూస్తూ ఊరుకుంటారు? కానీ తుంగ, గుర్రపుడెక్క, విరిగిన కొమ్మలు వచ్చి పడితే రెండు మూడు గంటల్లో ఆ జాలీ గోడ అయిపోతుంది. భారీ వాన హెచ్చరిక వస్తే జాలీ తీసెయ్యాలి. నష్టమైనా సరే తీసెయ్యాలి.

అపోహ: కట్ట కింద ఊట కనిపిస్తే కట్ట పోయినట్టే.
దీనికి ఎదురు అపోహ: ఊట మామూలే, తాతల నాటి నుంచీ ఉన్నదే.

రెండూ సగం సగం నిజాలు. మట్టికట్ట అన్నాక ఎంతో కొంత ఊరుతుంది. చూడాల్సింది ఆ నీటితో పాటు మట్టి వస్తోందా లేదా అన్నది. 1369 నాటి పోరుమామిళ్ల చెరువు శాసనం చెప్పిన ఆరు చెరువు దోషాల్లోనూ కట్ట నుంచి నీరు కారడం ఒకటి.

ఒక ఆగస్టు రాత్రి నీరటి, అంటే చెరువు నీళ్లు వదిలే పని చూసుకునే పెద్దాయన, ఫోన్ చేశాడు. "సారూ, జర జల్ది రాండ్రి, ఊటల మన్ను వస్తుంది." నేను వెళ్లేసరికి రెండు స్టీలు గ్లాసులు రాయి మీద పెట్టి ఉంచాడు. ఒకటి పొద్దున పట్టింది, తేటగా ఉంది. రెండోది అరగంట కింద పట్టింది. టార్చి వేసి నెమ్మదిగా వంచితే అడుగున గోరు మందాన ఎర్రమన్ను పేరుకుని కనిపించింది. కట్ట లోపలి మట్టే అది. లోపల బుంగ, అంటే నీరు మట్టిని తొలుచుకుంటూ చేసే బొక్క, మొదలైందన్నమాట.

కుర్రాళ్లు బంకమట్టి తెచ్చి నోరు మూసేద్దామన్నారు. బయటివైపు మూస్తే నీరు ఆగదు, లోపల ఒత్తిడి పెరిగి పక్కన ఇంకో దారి చేసుకుంటుంది. నీటిని పోనివ్వాలి, మట్టిని ఆపాలి. అందుకే ముందు దొడ్డు ఇసుక పోశాం, దాని మీద సన్న కంకర, ఆపైన పెద్ద రాళ్లు. చుట్టూ బస్తాలతో బావి గట్టులా పేర్చాం. ఇంకోవైపు తూము ఎత్తి చెరువు మట్టం తగ్గించడం మొదలుపెట్టాం. తెల్లవారేసరికి ఊట ఆగలేదు, తేటబడింది. పెద్దాయన మూడో గ్లాసు పట్టి చూపించాకే నేను టీ తాగాను.

చెరువు లోపలివైపు నీళ్లు సుడి తిరుగుతుంటే మాత్రం వేరే సంగతి. అక్కడ బుంగ నోటిని లోపలి నుంచే బస్తాలతో మూయాలి, కట్ట కింద ఉన్నవాళ్లను వెంటనే ఖాళీ చేయించాలి.

అపోహ: చెట్ల వేర్లు కట్టను గట్టిగా పట్టి ఉంచుతాయి.

గడ్డి పట్టి ఉంచుతుంది. సర్కారు తుమ్మ, వేప, రావి లాంటివి కావు. చెట్టు చచ్చాక వేరు కుళ్లిన చోట గొట్టంలా ఖాళీ మిగులుతుంది, నీటికి అదే దారి. గాలివానకు చెట్టు పెకిలితే కట్టలో సగం మట్టి వేళ్లతో లేచి వస్తుంది. పైగా కంప పెరిగిన కట్ట మీద ఎలుక బొరియలు, ఎండ్రకాయల బొక్కలు, పుట్టలు ఏవీ కనపడవు. కంప కొట్టడం ఎండాకాలంలోనే చేయాలి. మొద్దు తవ్వితే ఆ గుంతను పొరలు పొరలుగా మట్టి పోసి, తడిపి, దిమ్మిస కొట్టి పూడ్చాలి. జూన్‌లో మొద్దులు పీకి గుంతలు వదిలేసే కన్నా చెట్టును అలాగే ఉంచడం నయం.

అపోహ: పూడిక ఎక్కడ తీసినా ఒకటే, కట్ట పక్కనైతే ట్రాక్టరుకు దగ్గర.

కట్ట లోపలి పాదం దగ్గర ఏళ్ల తరబడి పేరుకున్న ఒండ్రు నీళ్లు కిందికి ఇంకకుండా దుప్పటిలా కాపాడుతుంది. జేసీబీ దాన్ని గీకేస్తే కింద ఇసుక పొర బయటపడవచ్చు. ఆ ఏడాదే కట్ట కింద కొత్త ఊటలు మొదలవుతాయి. కట్టకు దూరంగా, చెరువు నడిమధ్యన తీయండి.

అపోహ: చెరువు ఉంది కాబట్టి ఊరికి వరద రాదు.

వరదను ఆపేది చెరువులో ఖాళీగా ఉన్న జాగా మాత్రమే. నిండిన చెరువు మత్తడి మీదుగా వరదను కాస్త మెల్లగా వదలగలదు, అంతకు మించి ఆపలేదు. శిఖం భూమి, అంటే చెరువు నిండితే మునిగే భూమి, కబ్జా అయిన కొద్దీ ఆ జాగా కూడా పోతుంది. మనవి గొలుసుకట్టు చెరువులు. పైచెరువు తెగితే ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా కిందిచెరువు మీద పడతాయి, దానికి అంత మత్తడి ఉండదు. అందుకే ఏ ఊరికి వెళ్లినా నీరటిని ముందు ఒకటే అడుగుతాను: పైఊరి నీరటి నంబరు, కిందిఊరి నీరటి నంబరు నీ ఫోన్‌లో ఉన్నాయా? ఆ తర్వాతే తూము షట్టరుకు గ్రీజు పెట్టారా, కట్ట మీద రెండు ట్రాక్టర్ల దొడ్డు ఇసుక పోశారా అని చూస్తాను. ఆ ఇసుక ఎవరి ఇంటి పనికీ పోకుండా పంచాయతీ వాళ్లు జూన్ నుంచి దసరా దాకా కనిపెట్టుకుని ఉండాలి.